ధర్మపురిని వాడ దిక్కు నుంచి నడుద్దాం

హెరిటేజ్ వాక్ అనే మాట హైదరాబాద్ దాటి మన జిల్లాలకు కూడా వచ్చింది. ఆదివారం పొద్దున్నే బూట్లు వేసుకుని, చేతిలో నీళ్ల బాటిల్ పట్టుకుని చార్మినార్ చుట్టూ, వరంగల్ కోట చుట్టూ తిరగడం ఇన్నాళ్లూ పట్నం పిల్లల పని. ఇప్పుడు జగిత్యాల, కోరుట్ల కాలేజీ పిల్లలు కూడా "అన్నా, ధర్మపురిల వాక్ పెడుతున్నం, రూటు చెప్పు" అని మెసేజ్‌లు పెడుతున్నారు. మంచిదే. బస్సు కిటికీలోంచి చూసిన ఊరు వేరు, కాళ్లతో కొలిచిన ఊరు వేరు. నాకున్న పేచీ ఒక్కటే. మీరు ఎటు నుంచి మొదలు పెడుతున్నారు?

మీరు పంపిన రూటు చూశాను. బస్టాండు, అక్కడి నుంచి దుకాణాల వీధి, లక్ష్మీనరసింహస్వామి గుడి, ఆ ఆవరణలోనే యమధర్మరాజు, పక్కన బ్రహ్మ పుష్కరిణి అనే కోనేరు, రామలింగేశ్వరాలయం, చివరికి గోదావరి. నది ఒడ్డున గ్రూప్ ఫోటో. దేవాదాయ శాఖ వాళ్లు యాత్రికుల కోసం గీసిన దారి అదే. దర్శనానికి వచ్చినవాళ్లకు అది సరిపోతుంది. మీరు చరిత్ర కోసం పోతున్నామంటున్నారు కదా. చరిత్ర కోసం పోయేవాడు దర్శనం క్యూలో నిలబడితే పూజారి చెప్పిందే వింటాడు.

అందుకే ఈ భాగం మొత్తం ఆ రూటు గురించే. పెద్దగానే రాస్తున్నాను, ఓపిక పట్టండి.

మాది ఇబ్రహీంపట్నం మండలం. మా దగ్గర గోదావరిని గోదావరి అనే ముసలోళ్లు తక్కువ. "గంగకు పోయినం", "గంగ వచ్చింది" అంటారు. ఎర్దండి దగ్గర మేం చూసే నీళ్లు ధర్మపురికి పోయేవే. పైన పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ కట్ట ఉంది. 1963లో నెహ్రూ దానికి పునాదిరాయి వేశాడు. ఆ కట్ట వచ్చాక కింద నది నడక మారిపోయింది. గేట్లు ఎత్తితే వరద, దించితే ఇసుక. ఎండాకాలం మా దగ్గర గంగ అంటే మడుగులు, బండలు, ఇసుక లారీల టైర్ల గాళ్లు. కాబట్టి నది ఒడ్డున నిలబడి "అనాదిగా ప్రవహిస్తున్న జీవనది" అని ఎవరైనా మైకులో అంటే, ఆ అనాదిలో అరవై ఏళ్ల ఇంజనీరింగ్ కూడా ఉందని గుర్తు పెట్టుకోండి.

ఇదే నది ఇంకా పైన, నాసిక్ మీదుగా వస్తుంది. 1930 మార్చి 2న నాసిక్‌లో కాలారాం మందిరం ముందు ఏం జరిగిందో మీలో చాలామందికి తెలుసు. బాబాసాహెబ్ అంబేద్కర్, దాదాసాహెబ్ గైక్వాడ్ ముందు నడుస్తుంటే వేలమంది అంటరాని కులాల ఆడవాళ్లు, మగవాళ్లు వరుస కట్టి ఊరేగింపుగా వచ్చారు. గుడి తలుపులు మూసేశారు. ఊరేగింపు అక్కడి నుంచి మళ్లి గోదావరి ఒడ్డుకు పోయి సభ పెట్టుకుంది. ఆ సత్యాగ్రహం ఏళ్ల తరబడి సాగింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. 1935 అక్టోబరు 13న అదే నాసిక్ జిల్లాలోని యేవలాలో, హిందువుగా పుట్టాను గానీ హిందువుగా చావనని ఆయన ప్రకటించాడు. నేను ధర్మపురి ఘాట్ మెట్ల మీద కూర్చున్నప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. మనవాళ్లు ఒక ఊళ్లో వరుస కట్టి నడవడమే ఒక పోరాటమైన నది ఇది. దీని ఒడ్డున నడక అంటే మనకు కాలక్షేపం ఎట్లా అవుతుంది?

ఇక్కడ మనవాళ్లలోనే కొందరు అడ్డం పడతారు. "బాబాసాహెబే గుడి వద్దని వదిలేశాడు, నువ్వు పిల్లలను మళ్లీ గుడి చుట్టూ తిప్పుతవా?" అని. ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. 1934లో గైక్వాడ్‌కు రాసిన ఉత్తరంలోనే ఆయన తేల్చి చెప్పాడు. మన ప్రజలు విగ్రహారాధకులు కావాలని ఆ ఉద్యమం మొదలు పెట్టలేదని, వాళ్లలో చైతన్యం రావడానికి, తమ స్థితి తమకు తెలిసి రావడానికే మొదలు పెట్టానని దాని సారాంశం. నేనూ మిమ్మల్ని దర్శనానికి పొమ్మనడం లేదు. గుడి ఒక ఆస్తి. దానికి భూమి ఉంటుంది, పని ఉంటుంది, ఆ పని చేసిన మనుషులుంటారు. మొక్కడం ఇష్టం లేనివాడు మొక్కకుండానే దాన్ని చదవొచ్చు. రెవెన్యూ ఆఫీసు మనకు నచ్చదని పహాణీ చదవడం మానేస్తామా?

సరే, నడుద్దాం. వాడ నుంచి మొదలు పెడదాం.

వాడ అంటే ఏ పేరుతో ఉన్నా సరే. కొన్నిచోట్ల కాలనీ అయింది, కొన్నిచోట్ల నగర్ అయింది, పాత ముసలోళ్ల నోట్లో మాత్రం మాదిగవాడ, మాలవాడే. ఏ ఊరికి పోయినా ముందు అంబేద్కర్ విగ్రహం ఎక్కడుందో చూడండి. చాలా ఊళ్లలో అది వాడ నుంచి ఊళ్లోకి తిరిగే మూల మీద ఉంటుంది. చూపుడు వేలు ఊరి దిక్కు. కొన్నిచోట్ల చుట్టూ ఇనుప జాలీ కూడా ఉంటుంది. ఆ జాలీ ఎందుకు పెట్టాల్సి వచ్చిందో ఎవరినైనా అడగండి, ఆ ఊరి ఇటీవలి చరిత్ర సగం దొరుకుతుంది. సర్కారు పెట్టిన పురావస్తు బోర్డు కంటే ఆ విగ్రహం కింద చెక్కిన తేదీ, చందాలు ఇచ్చినవాళ్ల పేర్లు నాకు ఎక్కువ విలువైన శాసనం. కూలి డబ్బుల్లోంచి పదో పరకో ఇచ్చి మనవాళ్లు రాయి మీద రాయించుకున్న మొదటి శాసనం అది. చాలా కుటుంబాలకు రాయి మీద పేరు పడడం అదే మొదలు.

వాడలో నిలబడి మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న దేవుడి గురించి వద్దు, నీళ్ల గురించి అడగండి. నల్లా రాకముందు తాగే నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు? ఏ బాయి? ఏ రేవు? ఒడ్డు మీద ఎవరి రేవు ఎగువన, ఎవరిది దిగువన? చాకలి రేవు ఎక్కడ? నది ఎటు పారుతుందో తెలిస్తే కులం ఎటు పారిందో తెలుస్తుంది. ధర్మపురిలో గోదావరి దక్షిణానికి తిరిగి పారుతుందని, అందుకే ఇక్కడ స్నానానికి అంత పుణ్యమని చెబుతారు. ఆ దక్షిణవాహిని మీద మనవాళ్ల రేవు ఏ కొసన ఉండేదో ఎనభై ఏళ్ల అవ్వలు, తాతలు ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి. నా పట్టుదలంతా ఇక్కడే. గుడి ఇంకో వందేళ్లు ఉంటుంది. అవ్వ ఉండదు.

నీళ్ల ముచ్చట చిన్నదని ఎవరైనా అంటే కారంచేడు గుర్తు చేయండి. 1985 జులై 17న అక్కడ మాదిగలను వేటాడి చంపడానికి ముందు రాజుకున్న గొడవ ఒక మంచినీళ్ల చెరువు దగ్గరిదే. మనవాళ్లు తాగే నీళ్లలో బర్రెలను కడుగుతుంటే మున్నంగి సువార్త అనే మాదిగ స్త్రీ బిందె ఎత్తి ఎదురు నిలబడింది. మహాద్‌లో 1927 మార్చి 20న బాబాసాహెబ్ దోసిలి పట్టింది కూడా చెరువులోనే. చౌదార్ చెరువు ఇప్పుడు దేశమంతా ఎరిగిన జాగా. ప్రతి ఏటా మనవాళ్లు నడిచి నడిచి దాన్ని అట్లా చేశారు. ఒక జాగా ల్యాండ్‌మార్క్ అయ్యేది ఎక్కువసార్లు ఇట్లాగే. భీమా కోరేగావ్ స్తంభం కంపెనీ సర్కారు తన గెలుపు కోసం నిలబెట్టుకున్న రాయి. దాని మీదున్న మహర్ సైనికుల పేర్లు మనవాళ్లు చదివారు. 1927 జనవరి 1న అంబేద్కర్ అక్కడికి పోయాడు. ఆ తర్వాత అది కంపెనీ రాయిగా మిగలలేదు. చుండూరులో 1991 ఆగస్టు 6న చంపిన మనవాళ్లను పూడ్చిన జాగాను రక్తక్షేత్రం అన్నాం. ఆ పేరు పెట్టడానికి ఏ శాఖ అనుమతీ అడగలేదు.

మళ్లీ ధర్మపురికి వద్దాం. వాడ నుంచి ఊళ్లోకి నడుస్తుంటే పోచమ్మ గుడో, ఎల్లమ్మ గుడో తగులుతుంది. తగలని ఊరు లేదు. ఇక్కడ మనవాళ్లు కొందరు పొంగిపోతారు, ఇది మా దేవత, మా సంస్కృతి అని. డప్పు అంటే నాకూ ప్రాణమే. కట్టె పలకకు తోలు బిగించి, మంట మీద కాచి, సిర్ర, సిటికెన పుల్ల చేతపట్టి వాయించే ఆ వాద్యం మీద పుస్తకాలు రాయొచ్చు. అయితే ఆ ఎల్లమ్మ పేరు మీదే నిజామాబాద్, కరీంనగర్ పల్లెల్లో మన ఆడపిల్లలను జోగినిలను చేశారు. దాన్ని నిషేధిస్తూ 1988లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం చేయాల్సి వచ్చింది. కాబట్టి అక్కడ ఆగినప్పుడు ఆ సంగతి కూడా మాట్లాడండి. పెద్దగుడికి ఒక కొలత, మన గుడికి ఒక కొలత పెట్టుకుంటే అది మళ్లీ స్థలపురాణమే అవుతుంది.

స్థలపురాణం అన్నాను కాబట్టి ఒక మాట. ధర్మవర్మ అనే రాజు పేరు మీద ఊరికి ధర్మపురి అని వచ్చిందని స్థలపురాణం చెబుతుంది. మనకు కూడా ఒక పురాణం ఉంది. భూమి పుట్టకముందే జాంబవుడు పుట్టాడని జాంబపురాణం చెబుతుంది. చిందు కళాకారులు ఆడి చూపిస్తారు, డక్కలివాళ్లు మాదిగల గోత్రాలు, వంశాలు గుక్క తిప్పుకోకుండా చెబుతారు. రెండూ కథలే. రెంటినీ ఆర్కియాలజీ అనకండి. మరి ఒక కథకు రాతి ఫలకం, మైకు, వెబ్‌సైటు ఎట్లా వచ్చాయి, ఇంకో కథ చెప్పేవాళ్లు ఎందుకు ఇల్లిల్లూ అడుక్కుంటున్నారు? ఈ తేడా మాత్రం కథ కాదు. దాన్ని మీ నోట్‌బుక్‌లో రాయండి.

ఇప్పుడు గుడి ముందుకు వచ్చాం. తలుపు తెరిచే ఉంది. ఎవరూ కులం అడగరు. "ఇంకేంది అన్నా నీ బాధ?" అని మీ క్లాస్‌మేట్ అడుగుతాడు. అడగనివ్వండి. అతనికి ఒక చట్టం పేరు చెప్పండి: హైదరాబాద్ హరిజన దేవాలయ ప్రవేశ నిబంధనలు, ఫసలీ 1358. అంటే 1948-49, పోలీస్ యాక్షన్ అయిన వెంటనే. లోపలికి రానివ్వాలని చట్టం చేశారంటే అప్పటిదాకా రానివ్వలేదనే కదా అర్థం. తర్వాత రాజ్యాంగం 17వ అధికరణ వచ్చింది. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. దాన్నే ఇప్పుడు పౌరహక్కుల పరిరక్షణ చట్టం అంటున్నాం. దాని 4వ సెక్షన్ ఒకసారి తీసి చదవండి. నది, ఊట, బాయి, చెరువు, నల్లా, స్నానాల రేవు, శ్మశానం అని ఒక్కొక్కటీ పేరు పెట్టి రాశారు, వీటిలో దేనికీ ఎవరినీ అడ్డుకోవద్దని. నాకు ఆ సెక్షన్ ఒక ఊరి పటంలా కనిపిస్తుంది. రాసినవాళ్లు ఏ రేవు దగ్గర ఏం జరిగేదో ఎరిగి రాసిన పటం. చేతిలో దాని ప్రింటు పెట్టుకుని ధర్మపురిలో నడవండి. అందులో ఉన్న ప్రతి మాటకూ ఈ ఊళ్లో ఒక జాగా దొరుకుతుంది.

యమధర్మరాజు గుడి దగ్గర కాసేపు ఆగండి. యముడికి గుడి ఉన్న ఊళ్లు అరుదు. "ధర్మపురికి వస్తే యమపురి లేదు" అని సామెత. అస్థికలు కలపడానికి, పిండాలు పెట్టడానికి ఎక్కడెక్కడి నుంచో ఇక్కడికి వస్తారు. చావు చుట్టూ బతుకుతున్న ఊరు ఇది అనొచ్చు. చావు చుట్టూ ఎన్ని పనులుంటాయో చూడండి. చావు కబురు ఊరూరికీ మోసుకుపోయింది ఎవరు? ముందు డప్పు కొట్టుకుంటూ నడిచింది ఎవరు? కట్టెలు పేర్చింది, కాలేదాకా కాపలా ఉన్నది ఎవరు? గుండు గీసింది ఎవరు? మైలబట్టలు ఉతికింది ఎవరు? మంత్రం చెప్పినాయనకు దక్షిణ ముట్టింది, మర్యాద కూడా ముట్టింది. మిగతా అందరికీ మైల ముట్టింది. యమపురి లేదన్న భరోసా చచ్చినవాడికి, బతికినంతకాలం అంటరానితనం మోసేవాడికి. ఆ గుడి ముందు నిలబడి చెప్పాల్సిన చరిత్ర నా లెక్కన ఇదే.

ధర్మపురి ఘాట్లలో ఒకదాని పేరు మంగలిగడ్డ. ఇట్లాంటి పేర్లు దొరికితే వదలొద్దు. ఊరు మరిచిపోయినా పేరు మరిచిపోలేదు. ఏ బోర్డూ చెప్పని పని ఆ రెండు మాటల్లో ఉంది. రేపెప్పుడో ఎవరో పెద్దమనిషి "ఈ పేరు బాగాలేదు" అని దానికి ఒక దేవత పేరు పెట్టొచ్చు. అట్లా పోయిన పేర్లు మన ఊళ్లలో బోలెడు. ప్రతి కుంటకు, గడ్డకు, బండకు ముసలోళ్లు ఏ పేరు పిలుస్తున్నారో రాసి, ఫోన్‌లో మ్యాప్ మీద గుర్తు పెట్టుకోండి. ఇది మీ తరానికి చిటికెలో పని.

కోనేరు గురించి ఎక్కువ చెప్పను. బ్రహ్మ పుష్కరిణి చూడదగ్గ కోనేరు. ఫాల్గుణంలో జాతరప్పుడు తెప్పోత్సవం అక్కడే. అందరూ తెప్ప మీద దేవుడిని ఫోటో తీస్తారు. మీరు మెట్ల రాళ్లను తీయండి. రాయి కొట్టడం మన దగ్గర వడ్డెరల పని, తెప్ప, పడవ బెస్తల పని. అన్ని మెట్ల రాళ్లలో ఒక్క కూలి పేరు కూడా లేకపోవడం వింత కాదు, అన్ని కోనేళ్లదీ అదే కథ. పక్కనే మసీదు కూడా ఉంది. ఇక్కడికి రాగానే వాట్సాప్ చరిత్రకారులకు గొంతు పెరుగుతుంది, ఎవరు ఎవరిది కూల్చారని. ఆ పంచాయితీలో మిమ్మల్ని ఏదో ఒక పక్కన నిలబెట్టాలని చూస్తారు. రాజు మారినా రాయి మోసిన భుజాలు మారలేదు. ఆ భుజాల పక్కన నిలబడి చూడండి.

నరసింహ శతకం రాసిన శేషప్ప కవి ఈ ఊరివాడే. పెద్దబాలశిక్ష చదివినవాళ్ల నోట్లో ఆ పద్యాలు ఇంకా ఉన్నాయి. దేవుడిని బతిమాలి, నిలదీసి, దెప్పిపొడిచి రాసిన ఆయన పద్యాలంటే నాకు ఇష్టం. తెలుగు క్లాసులో ఆ పద్యాలు అప్పజెప్పిన మనవాళ్ల తాతలకు ఆ దేవుడి ముంగిట నిలబడే హక్కు చట్టంగా ఎప్పుడొచ్చిందో పైన రాశాను. ఆ పద్యాన్నీ, ఆ తేదీనీ పక్కపక్కన పెట్టి చదవమని తెలుగు సార్లకు నా మనవి.

ఇక నేనైతే ఈ నడకను ధర్మపురి దగ్గర ఆపను. జగిత్యాల అక్కడికి దాదాపు ముప్పై కిలోమీటర్లు. 1978 సెప్టెంబరులో ఈ పల్లెల నుంచి వేల మంది రైతుకూలీలు జగిత్యాలకు నడిచారు. జగిత్యాల జైత్రయాత్ర అని పేరు. దాని వెనక ఏముందో తెలుసు కదా: వెట్టి, పాలేర్ల జీతాలు, దొరలు ఆక్రమించుకున్న బంచరాయి భూములు. దొరకు చెప్పులు కుట్టిన మాదిగ, మోటకు తోలు తొండం కుట్టి ఇచ్చిన మాదిగ, చెరువు తూము కాడ కాపలా ఉన్న మాల నీరడి, వీళ్లంతా పైసా లేకుండా తరతరాలుగా చేసిన పని అది. కూలీలు దొరలకే సాంఘిక బహిష్కారం పెట్టారు. చాకలి పోలేదు, మంగలి పోలేదు, పాలేరు పోలేదు. వెలివేయడం అనే ఆయుధం వెయ్యేళ్ల తర్వాత తిరగబడింది. నెల తిరిగేసరికి, అక్టోబరులో, జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తర్వాత పార్టీలు, చీలికలు, తుపాకులు, ఎన్‌కౌంటర్లు వచ్చాయి. ఆ రాజకీయాల మీద నాకున్న విమర్శలు వేరే రాస్తాను. అగ్రకులాల నాయకత్వం, కులం మాట ఎత్తితే వర్గం అనడం, ఇవన్నీ మాట్లాడాల్సినవే. కానీ ఆ రోజు నడిచిన కాళ్లు మనవి. మన ప్రాంతంలో మనుషులు నడిచి చరిత్ర చేసిన దారి ఏదైనా ఉంటే అదే. ఏ హెరిటేజ్ వాక్‌లోనూ ఆ దారి లేదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015లో ముఖ్యమంత్రి ధర్మపురిలోనే మునిగి పుష్కరాలు మొదలు పెట్టాడు. అప్పుడు ఎన్ని లక్షల మంది వచ్చారో టీవీల్లో చూశాం. అదే జులైలో తెలంగాణ మున్సిపల్ కార్మికులు జీతాల కోసం సమ్మెలో ఉన్నారు. ఒకే నెల, ఒకే రాష్ట్రం. ఒకవైపు పాపాలు కడుక్కునే జనం, ఇంకోవైపు ఊళ్ల మురికి కడిగేవాళ్ల ధర్నా. పుష్కరాల ఫోటో ఆల్బమ్‌లో ఈ రెండో ఫోటో లేదు. ఈసారి మళ్లీ నిధులు వస్తాయి, ఘాట్లు కడతారు, రంగులు వేస్తారు, బోర్డులు పెడతారు. బోర్డు మీద ఏం రాయాలో ఇంకా ఎవరూ రాయకముందే మన దగ్గర రాసిన కాగితం ఉండాలి. కాంట్రాక్టరు ఫ్లెక్సీ ప్రింటుకు పంపించాక పోయి మొత్తుకుంటే ఎవరూ వినరు.

ధర్మపురి 2009 ఎన్నికల నుంచి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఇక్కడి నుంచి గెలిచినవాళ్లు ఎస్సీ సంక్షేమ శాఖ మంత్రులు కూడా అయ్యారు. కాబట్టి "మనకు అధికారం లేదు" అని ఏడవాల్సిన ఊరు కాదిది. అడిగితే వినాల్సిన కుర్చీలో మనవాడు ఉన్న ఊరు. నేను నడిచిన దారిలో ఈ గుడి, ఈ కోనేరు, ఈ ఘాట్ ఎవరి కష్టమో చెప్పే బోర్డు ఒక్కటి నా కంట పడలేదు. దేవాలయ ప్రవేశ చట్టం తేదీ చెప్పే బోర్డు పడలేదు. అడగాల్సింది పెద్ద కోరికేం కాదు. ఘాట్ దగ్గర ఒక బోర్డు, గుడి ముందు ఒక బోర్డు, జగిత్యాలలో జైత్రయాత్ర మీద ఒకటి. దీనికి కోట్లు అక్కర్లేదు, జీవో అక్కర్లేదు. వినతిపత్రంతో పాటు మీరు సేకరించిన నలభై మంది ముసలోళ్ల మాటలు జత చేసి ఇవ్వండి. వట్టి డిమాండ్‌ను పక్కన పడేస్తారు. ఆధారాల కట్ట తీసుకుపోతే కనీసం విప్పి చూడాల్సి వస్తుంది.

"చరిత్రలో కూడా కులాన్ని తెస్తారా?" అని కామెంట్లు వస్తాయి, వచ్చాయి కూడా. మంగలిగడ్డకు ఆ పేరు పెట్టింది నేను కాదు.

సేకరించేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. వాడకు గుంపుగా పోవద్దు. పోయిన నెల మేం ఎనిమిది మందిమి ఒకేసారి ఒక గల్లీలోకి పోతే, బీడీలు చుడుతున్న ఒక పెద్దమ్మ చేతిలో ఆకు పక్కన పెట్టి, లోన్లకు వచ్చిన్రా ఓట్లకు వచ్చిన్రా అని అడిగింది. ఆమె అడగడంలో తప్పులేదు, ఆ రెండింటికి తప్ప గుంపుగా ఎవరొచ్చారు? ఇద్దరిద్దరు పోండి. ఆమె చుట్టే బీడీల లెక్క మీ ఇంటర్వ్యూ కంటే ముఖ్యం, ఆమె పని ఆపకుండా మాట్లాడండి. జోగినుల ముచ్చట ఉన్న ఇంట్లో ఫోన్ బయటకు తీయొద్దు. ఎవరి పేరు, ఫోటో వాళ్లు ఒప్పుకోకుండా పెట్టొద్దు. ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటే రెండూ రాయండి, మీకు నచ్చింది ఒక్కటే రాయొద్దు. మాల తాత చెప్పింది, మాదిగ తాత చెప్పింది వేరువేరుగా ఉంటాయి, వాటిని కలిపి దళిత చరిత్ర అని చదును చేయొద్దు. బెస్తోళ్ల ఇంటికి, వడ్డెర్ల ఇంటికి, మసీదు పక్కన ఉండే ముస్లిం పెద్దల దగ్గరికి కూడా పోండి. గుడిలో పనిచేసే అయ్యగారు మాట్లాడతానంటే ఆయన మాట కూడా రికార్డు చేయండి, ఆయనకు తెలిసింది ఆయన చెబుతాడు.

ఎండాకాలం అయితే పొద్దున ఆరింటికే మొదలు పెట్టాలి, పదింటి తర్వాత ఘాట్ రాళ్ల మీద కాలు పెట్టలేం. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల నుంచి వచ్చేవాళ్లకు జాతీయ రహదారి మీదే బస్సు దొరుకుతుంది. మా ఇబ్రహీంపట్నం పిల్లలు మాత్రం ముందు మెట్‌పల్లి చేరుకోవాలి, ఆ లెక్క చూసుకుని బయల్దేరండి. ధర్మపురికి పోయేముందు ఎవరి ఊళ్లో వాళ్లు ఒక రోజు ఇదే పని చేసి చూడండి. నేను ఎర్దండి రేవుల పేర్లు రాయడం మొదలు పెట్టాను, ఇప్పటికి పదకొండు దొరికాయి. వాటిలో నాలుగు పేర్ల మీద మా తాతల మధ్యే గొడవ నడుస్తోంది. ఆ జాబితా వచ్చే భాగంలో పెడతాను. అక్కడివాళ్లు ఎవరైనా ఉంటే కింద కామెంట్లలో చేర్చండి.

జై భీమ్.